రుజైబ్ రైతులు గెలిచిన కేసు

(హైదరాబాద్‌లో న్యాయ విద్యార్థుల కోసం ఒక సాయంత్రం జరిగిన సభలో ఒక సివిల్ న్యాయవాది చేసిన ప్రసంగం. రికార్డు విని రాసినది. మాట్లాడిన తీరును వీలైనంత వరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీలకు వినిపిస్తోందా? సరే.

ఆహ్వాన పత్రంలో ఇవాళ్టి అంశాన్ని చాలా బరువుగా వేశారు: "ఆక్రమిత ప్రాంతాల్లో నివాసాలు, అంతర్జాతీయ న్యాయ వివాదాలు". అది చూసి కాస్త జంకాను. నేను సివిల్ కోర్టులో పొలాల తగాదాలు, పార్టిషన్ దావాలు నడిపే ప్లీడర్ని. ఐక్యరాజ్యసమితికి, నాకు ఏం సంబంధం? అయితే ఈ కేసులు చదవడం మొదలుపెట్టాక ఒకటి అర్థమైంది. పేర్లు, ఊర్లు తీసేస్తే సగం మనకు తెలిసిన గొడవే. పట్టా ఉందా, సాగు ఉందా, సర్వే అయిందా, నోటీసు ఇచ్చారా. మిగతా సగం మాత్రం మనకు తెలిసిన గొడవ కాదు. ఆ సగం గురించే ఎక్కువ చెప్పాలి.

ముందు రెండు మాటల సంగతి తేల్చుకుందాం. తెలుగులో "ఆక్రమణ" అంటే పక్కింటాయన గోడను రెండడుగులు ఇటు జరపడం, చెరువు శిఖంలో షెడ్డు వేయడం. అంటే తప్పు చేశాడనే అర్థం. అంతర్జాతీయ న్యాయంలో ఆ మాట అలా వాడరు. యుద్ధంలో ఒక సైన్యం పరాయి నేల మీదికి వెళ్లి, అక్కడి పాలన తన చేతిలోకి తీసుకుంటే, ఆ నేల ఆక్రమణలో ఉన్నట్టు. యుద్ధ నియమాలు రాసిన 1907 నాటి హేగ్ నిబంధనల్లో 42వ అధికరణ చెప్పేది ఇదే. అది ఒక స్థితి. ఆ స్థితిలో ఉన్నవాడికి కొన్ని అధికారాలు, చాలా బాధ్యతలు ఉంటాయి. నేల మాత్రం వాడిది అయిపోదు.

మన కోర్టులో దీనికి దగ్గరగా ఉండేది రిసీవర్. ఆస్తి మీద దావా నడుస్తోంది, కోర్టు రిసీవర్ని వేసింది. ఆయన తోట చూసుకుంటాడు, అద్దెలు వసూలు చేస్తాడు, లెక్క చెప్తాడు. కాయలు కోయించవచ్చు, చెట్లు కొట్టించకూడదు. హేగ్ నిబంధనల్లో 55వ అధికరణ ప్రభుత్వ ఆస్తుల గురించి ఇంచుమించు ఇదే మాట అంటుంది. ఇంకో సంగతి, రిసీవర్ తన బావమరిదిని సామానుతో సహా తెచ్చి ఆ ఇంట్లో దించకూడదు. యుద్ధంలో పౌరుల రక్షణ కోసం 1949 ఆగస్టు 12న కుదిరిన నాలుగో జెనీవా ఒప్పందంలో 49వ అధికరణ ఆరో పేరా చెప్పేది అంతే. ఆక్రమించిన రాజ్యం తన పౌర జనాభాలో ఏ భాగాన్నీ ఆక్రమిత ప్రాంతంలోకి పంపకూడదు, తరలించకూడదు. ఒక్క వాక్యం. దాని చుట్టూ యాభై ఏళ్లకు పైగా కొట్లాట.

రెండో మాట "సెటిలర్". హైదరాబాద్‌లో ఆ మాట వినగానే మీకు ఏ కాలనీలు గుర్తొస్తాయో నాకు తెలుసు. (నవ్వులు) దాన్ని ఇక్కడే వదిలేద్దాం. ఒకే దేశ పౌరుడు ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు వచ్చి ఉండటం మన రాజ్యాంగం 19వ అధికరణలో ఇచ్చిన హక్కు. నేను చెప్పబోయే సెటిలర్ వేరు. సైన్యం పట్టుకున్న పరాయి నేల మీద, ఆ సైన్యం కాపలాలో ఇల్లు కట్టుకున్నవాడు.

ఇక కేసు. 1967 జూన్ యుద్ధంలో ఇజ్రాయెల్ వెస్ట్ బ్యాంక్‌ను, తూర్పు జెరూసలేంను, గాజాను, గోలన్ గుట్టలను, సినాయ్‌ను పట్టుకుంది. ఇక్కడ పౌరులను నివాసం పెట్టవచ్చా అన్న ప్రశ్న వెంటనే వచ్చింది. అడిగింది బయటివాళ్లు కాదు, ప్రధానమంత్రి కార్యాలయమే. జవాబు రాసింది ఇజ్రాయెల్ విదేశాంగ శాఖ న్యాయ సలహాదారు థియోడర్ మెరోన్. 1967 సెప్టెంబర్ 18 నాటి రహస్య నోట్‌లో ఆయన తన అభిప్రాయం సూటిగా చెప్పాడు: పౌర నివాసాలు నాలుగో జెనీవా ఒప్పందానికి విరుద్ధం. పెట్టాలనే అనుకుంటే అవి సైనిక శిబిరాల రూపంలో ఉండాలని కూడా సూచించాడు. నెల తిరక్కుండానే కఫార్ ఎట్జియోన్‌లో మొదటి నివాసం వెలిసింది. బయటికి దాన్ని సైనిక వ్యవసాయ శిబిరం అన్నారు. సలహాలో వాళ్లకు పనికొచ్చిన ముక్క ఏదో మీకు అర్థమయ్యే ఉంటుంది. మెరోన్ చిన్నతనంలో నాజీల చెరలో బతికి బయటపడ్డ యూదుడు. తర్వాతి కాలంలో మాజీ యుగోస్లావియా యుద్ధ నేరాల ట్రైబ్యునల్‌కు అధ్యక్షుడయ్యాడు. ఆయన ఆ నోట్ ఎలాంటి మనసుతో రాసి ఉంటాడా అని నేను అప్పుడప్పుడు అనుకుంటుంటాను.

మొదటి పదేళ్లలో పద్ధతి ఇలా ఉండేది. సైనిక అవసరం పేరుతో సైన్యం ప్రైవేటు భూమిని స్వాధీనం చేసుకునేది. హేగ్ నిబంధనలు సైన్యం అవసరాలకు తాత్కాలికంగా తీసుకోవడానికి కొంత వీలు ఇస్తాయి. ఆ భూమిలో పౌరులు ఇళ్లు కట్టుకునేవారు. రామల్లా దగ్గర బేత్ ఎల్ అలా వచ్చిందే. అక్కడి భూయజమానులు ఇజ్రాయెల్ సుప్రీంకోర్టుకే వెళ్లారు. 1979 మార్చిలో కోర్టు వాళ్ల పిటిషన్ కొట్టేసింది. ఆ నివాసం వల్ల భద్రతకు మేలు ఉందని సైన్యం చెప్తోంది, అది నమ్మదగ్గదే అంది. శాశ్వతమైన ఊరు తాత్కాలికం ఎలా అవుతుంది? ఆ ప్రాంతం సైన్యం చేతిలో ఉన్నంత కాలమే ఈ ఊరు ఉంటుందని కోర్టు తనకు తాను సర్దిచెప్పుకుంది. బేత్ ఎల్ ఇప్పటికీ ఉంది.

మరి జెనీవా ఆరో పేరా? ఇక్కడే అసలు మెలిక. హేగ్ నిబంధనలు ఆచార న్యాయం, అంటే దేశాలన్నీ పాటిస్తూ వచ్చి అందరికీ వర్తించేది, అవి మమ్మల్ని కట్టేస్తాయి, జెనీవాలోని ఈ పేరా కేవలం ఒప్పంద న్యాయం, పార్లమెంటు చట్టం చేయనిదే మా కోర్టులో చెల్లదు, కాబట్టి దాని జోలికి పోము అన్నారు న్యాయమూర్తులు. ఇది వాళ్లొక్కరి వాదం కాదు. మన దగ్గరా ఒప్పందం మీద సంతకం పెట్టినంత మాత్రాన అది దేశంలో చట్టం అయిపోదు. అయినా దాని ఫలితం చూడండి. ఆరో పేరా అడిగే ప్రశ్న "ఎవరి జనాన్ని తెచ్చి దించారు?" అని. హేగ్ నిబంధనల కింద కోర్టు అడుగుతున్న ప్రశ్న "ఎవరి భూమి తీసుకున్నారు?" అని. రెండూ ఒకటి కావు. ఒకదాన్ని పక్కనపెట్టి రెండోదాన్నే విచారిస్తే కథ ఎటు పోతుందో బేత్ ఎల్ తర్వాత మూడు నెలలకే తేలింది.

నాబ్లస్ పట్టణానికి ఆగ్నేయాన రుజైబ్ అని ఒక ఊరు. దాని పక్కన గుట్ట. 1979 జూన్ 5న ఆ ప్రాంత సైనిక కమాండర్ సుమారు 700 దునాముల స్వాధీనానికి ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. దునాం అంటే వెయ్యి చదరపు మీటర్లు, నాలుగు దునాములు ఇంచుమించు మన ఎకరం. జూన్ 7 పొద్దున గుష్ ఎమునీం అనే మత జాతీయవాద ఉద్యమం వాళ్లు సైన్యం సాయంతో గుట్ట ఎక్కి, ఎలోన్ మోరే అని పేరు పెట్టి గుడారాలు వేసేశారు. రోడ్డు పనీ మొదలైంది. భూమి పోతోందన్న కబురు ఊరి పెద్దకు అందింది కూడా ఆ ఉదయమే. అప్పీలు చేసుకునే సమయం ఇవ్వకుండా, దండయాత్రకు వెళ్లినట్టు వెళ్లారన్నమాట.

పదిహేడు మంది రైతులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ 700 దునాముల్లో దాదాపు 125 వాళ్ల పేరు మీద రిజిస్టర్ అయి ఉన్నాయి. ఇది గుర్తుపెట్టుకోండి. వాళ్ల దగ్గర కాగితం ఉంది.

విచారణలో జరిగింది చూస్తే ఏ ప్లీడరుకైనా నోరూరుతుంది. సైన్యాధిపతి రఫాయెల్ ఈటన్ అఫిడవిట్ వేసి ఈ స్థలం భద్రతకు అవసరం అన్నాడు. ఆయన పై మంత్రి, రక్షణ మంత్రి ఎజర్ వైజ్‌మన్ ఆ స్థలం అవసరమని ఒప్పుకోలేదు. మాజీ సైన్యాధిపతి హయిమ్ బార్ లేవ్ రైతుల పక్షాన అఫిడవిట్ ఇచ్చి, యుద్ధం వస్తే ఈ పౌరులను కాపాడటానికే సైనికులను కేటాయించాల్సి వస్తుందన్నాడు. ఇవన్నీ ఒకెత్తు. సెటిలర్ల తరఫున మెనాహెం ఫెలిక్స్ వేసిన అఫిడవిట్ ఇంకో ఎత్తు. మేం ఇక్కడికి వచ్చింది దేవుడు మా పూర్వీకులకు ఈ నేలను ఇచ్చాడు గనుక, భద్రత కారణాలు నిజమే కావచ్చు, మాకు మాత్రం వాటితో పని లేదని ఆయన దాపరికం లేకుండా చెప్పేశాడు. తాత్కాలిక సైనిక అవసరం అని సర్కారు వాదిస్తుంటే, అక్కడ దిగినవాళ్లే "కాదు, శాశ్వతం" అన్నారు. నిజాయితీపరుడైన సాక్షి తన పార్టీ కేసును ఎలా ముంచుతాడో చెప్పడానికి జూనియర్లకు ఈ అఫిడవిట్‌నే ఉదాహరణగా చెప్తుంటాను.

1979 అక్టోబర్ 22న ఐదుగురు న్యాయమూర్తులు ఒకే మాటగా ఉత్తర్వును కొట్టేశారు. ముప్పై రోజుల్లో ఖాళీ చేయమన్నారు. ప్రధాన తీర్పు రాసింది మోషే లాండౌ, 1961లో నాజీ అధికారి ఐక్‌మన్ విచారణకు అధ్యక్షత వహించిన న్యాయమూర్తి. సారాంశం ఏమిటంటే, సైనిక పాలన తాత్కాలికం. తన పాలన పోయాక కూడా ఉండాలని ముందే అనుకుని కట్టే ఊరిని సైనిక అవసరం పేరుతో కట్టడం కుదరదు. ఆక్రమించిన రాజ్యం సొంత కోర్టు, సొంత సైన్యాధిపతి మాట కాదని, ఆక్రమణలో ఉన్న రైతు పక్షాన తీర్పు ఇచ్చింది. ఇలాంటిది ప్రపంచంలో తరచు చూడం. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను.

అయితే రైతులు గెలిచారు, ఇక కథ కంచికి అనుకుంటే పొరపాటు. ఆ తీర్పులో సర్కారు చదువుకున్న పాఠం వేరే. ఓడింది ఎందుకు? పట్టా ఉన్న భూమి తీసుకున్నందుకు. అయితే పట్టా లేని భూమి చూసుకుందాం. మూడు వారాలు తిరక్కుండా, నవంబర్‌లో మంత్రివర్గం ఇక మీదట నివాసాలు "ప్రభుత్వ భూమి"లోనే అని నిర్ణయించింది.

ఇక్కడి నుంచి మనకు బాగా తెలిసిన వ్యవహారం. వెస్ట్ బ్యాంక్‌లో భూములకు నేటికీ ఆధారం 1858 నాటి ఒట్టోమన్ భూమి చట్టం. బ్రిటిష్‌వాళ్లు 1928లో మొదలుపెట్టి, తర్వాత జోర్డాన్‌వాళ్లు కొనసాగించిన సర్వే, హక్కుల నమోదు మొత్తం ప్రాంతంలో మూడో వంతు వరకే పూర్తయింది. 1968లో ఇజ్రాయెల్ సైనిక ఉత్తర్వు దాన్ని ఆపేసింది. అంటే మూడింట రెండు వంతుల భూమికి గట్టి కాగితం లేదు. ఉన్నదల్లా పన్ను రసీదులు, ఊరివాళ్ల మాట, తాతల నాటి సాగు. ఇక్కడ మనం పహాణీ అంటాం, ఆంధ్రలో అడంగల్ అంటారు, సాగులో ఎవరున్నారో రాసుకునే పుస్తకం. అలాంటి పుస్తకం కూడా సరిగా లేని ఊళ్లను ఊహించుకోండి.

ఆ ఒట్టోమన్ చట్టంలో 78వ అధికరణ రైతుకు అండ. పదేళ్లు తగాదా లేకుండా సాగు చేస్తే కాగితం లేకపోయినా హక్కు వస్తుంది. మన దగ్గర ప్రైవేటు ఆస్తి మీద పన్నెండేళ్ల లెక్క ఉందే, అలాంటిది. అదే చట్టంలో 68వ అధికరణ ఎదురు కత్తి. సరైన కారణం లేకుండా మూడేళ్లు బీడు పెడితే భూమి సుల్తానుకు పోతుంది. ఇంకోటి మవాత్, అంటే చచ్చిన నేల. ఊరి చివర నిలబడి గట్టి గొంతున్నవాడు అరిస్తే వినపడనంత దూరాన ఉన్న నేల ఎవరిదీ కాదు. ఎంత అందమైన కొలత! సర్వే గొలుసు లేని కాలంలో గొంతే గొలుసు.

సుల్తాను పోయాడు, బ్రిటిష్‌వాడు పోయాడు, జోర్డాన్ రాజు పోయాడు. "ప్రభుత్వ" అనే మాట మాత్రం మిగిలింది. ఇజ్రాయెల్ న్యాయశాఖలో ప్లియా అల్బెక్ అనే అధికారిణి గుట్టగుట్టా సర్వే చేయించి, సాగు లేని నేలలను గుర్తించింది. రాళ్ల గుట్ట మీద భూమి చెక్కలో సగం కూడా సాగు లేదంటే అది సర్కారుదే. అభ్యంతరం ఉంటే 45 రోజుల్లో సైనిక అప్పీలు కమిటీ ముందుకు రావాలి. సాగు రుజువు చేయాల్సిన భారం రైతుదే. 1979 తర్వాత పుష్కరకాలంలో ఇలా సుమారు 9 లక్షల దునాములను సర్కారు భూమిగా ప్రకటించారు.

ఒక్కటి అడుగుతాను. ప్రభుత్వ భూమి అంటే ఎవరి ప్రభుత్వం? రిసీవర్ చేతిలో ఉన్న తోట ఎవరి కోసం? ఆ ఊరి జనం కోసం అనుకుంటాం. 2018లో సమాచార హక్కు కింద ఇజ్రాయెల్ అధికారులే ఇచ్చిన లెక్క ఉంది. కేటాయించిన ప్రభుత్వ భూమిలో 99.76 శాతం నివాసాలకు వెళ్లింది. పాలస్తీనీయులకు 0.24 శాతం. ఈ రెండు అంకెల మీద నేను వేరే వ్యాఖ్యానం చేయను.

ఇప్పుడు ఇజ్రాయెల్ పక్షం వాదం కూడా సరిగా వినాలి. ఎదుటి పక్షం వాదనను బలహీనంగా చెప్పి గెలవడం ప్లీడరు లక్షణం కాదు. మొదటిది ఇజ్రాయెల్ న్యాయ పండితుడు యెహూదా బ్లూమ్ 1968లో చెప్పింది. వెస్ట్ బ్యాంక్‌ను జోర్డాన్ 1950లో కలుపుకుంది, దాన్ని ప్రపంచం దాదాపుగా గుర్తించలేదు. చట్టబద్ధమైన పాత యజమాని లేనప్పుడు ఎవరికి తిరిగి ఇవ్వాలి, ఇది ఆక్రమణ ఎలా అవుతుంది? రెండోది, ఆరో పేరా బలవంతపు తరలింపులను ఉద్దేశించింది, ఇక్కడ జనం ఇష్టపడి వెళ్తున్నారు. మూడోది చరిత్ర. పాలస్తీనా పాలనను నానాజాతి సమితి బ్రిటన్‌కు అప్పగించిన 1922 నాటి మాండేట్ పత్రమే యూదుల నివాసాన్ని ప్రోత్సహించమంది.

మొదటిదానికి జవాబు, జెనీవా ఒప్పందం రెండో అధికరణ మొదటి పేరాలోనే ఉంది. రెండు సభ్య దేశాల మధ్య సాయుధ పోరాటం జరిగితే ఒప్పందం వర్తిస్తుంది. ఇజ్రాయెల్, జోర్డాన్ రెండూ సభ్యులే. రక్షణ ఆ నేల మీది మనుషులకు, పాత రాజుకు కాదు. రెండోదానికి జవాబు చదివితేనే తెలుస్తుంది. 49వ అధికరణ మొదటి పేరాలో "బలవంతపు" అనే మాట ఉంది, ఆరో పేరాలో లేదు. ఒకే అధికరణలో ఒకచోట వాడి ఇంకోచోట వదిలేశారంటే కావాలనే వదిలేశారని చదవడం మనం మొదటి ఏడాదిలోనే నేర్చుకుంటాం. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టును ఏర్పాటు చేసిన 1998 రోమ్ శాసనం దీన్నే యుద్ధ నేరంగా రాస్తూ "నేరుగా గానీ పరోక్షంగా గానీ" అని చేర్చింది. ఆ శాసనానికి ఇజ్రాయెల్ వ్యతిరేకంగా ఓటు వేయడానికి చెప్పిన కారణాల్లో ఈ పదాలు ఒకటి. ఏమాత్రం వర్తించని నిబంధనైతే అంత టెన్షన్ ఎందుకు? చరిత్ర వాదం గురించి ఇవాళ మాట్లాడను, అది కోర్టు గదిలో తేలే విషయం కాదు.

అంతర్జాతీయ న్యాయస్థానం వెస్ట్ బ్యాంక్‌లో ఇజ్రాయెల్ కట్టిన గోడ గురించి 2004 జులై 9న ఇచ్చిన సలహా అభిప్రాయంలో నివాసాలు చట్ట విరుద్ధం అంది. 14 మంది ఒకవైపు, అమెరికా న్యాయమూర్తి థామస్ బర్గెంతాల్ ఒక్కడు ఇంకోవైపు. అందరూ ఇక్కడితో ఆపేస్తారు. ఆయన విడిగా రాసింది చదవండి. కోర్టు ముందు తగినన్ని వాస్తవాలు లేవని ఆయన అభ్యంతరం. ఆరో పేరా మాత్రం వర్తిస్తుంది, నివాసాలు దాన్ని ఉల్లంఘిస్తున్నాయని ఆయన కూడా ఒప్పుకున్నాడు. ఈయన పిల్లవాడిగా ఆష్‌విట్జ్ నాజీ శిబిరం నుంచి బయటపడ్డవాడు. అంటే ఆ ఒక్క అంశం మీద పదిహేను మందికి పదిహేను మందీ. 2024 జులై 19న అదే కోర్టు ఇంకా ముందుకు వెళ్లింది. ఇజ్రాయెల్ అక్కడ ఉండటమే చట్ట విరుద్ధమని 11, 4 తేడాతో, కొత్త నివాసాలు ఆపి సెటిలర్లను ఖాళీ చేయించాలని 14, 1 తేడాతో చెప్పింది. ఐక్యరాజ్యసమితి సాధారణ సభలో ఆ అభిప్రాయం అడగాలన్న 2022 తీర్మానం మీద, దాన్ని అమలు చేయమన్న 2024 సెప్టెంబర్ తీర్మానం మీద, రెండుసార్లూ మన దేశం ఓటింగ్‌కు దూరంగా ఉంది.

మళ్లీ ఇజ్రాయెల్ కోర్టుకు వస్తాను, ఒక తమాషా చెప్పాలి. 2005లో ఏరియల్ షారోన్ సర్కారు గాజా నుంచి సెటిలర్లను ఖాళీ చేయించింది. ఈసారి కోర్టుకెక్కింది సెటిలర్లు. అప్పుడు సర్కారు ఏమని వాదించింది? ఇది యుద్ధంలో పట్టుకున్న ఆక్రమిత నేల, ఇక్కడ మీ హక్కులు మొదటి నుంచీ తాత్కాలికమే అని! 10, 1 తేడాతో కోర్టు ఒప్పుకుంది. ఒప్పుకోని ఆ ఒక్కడు ఎడ్మండ్ లెవీ. ఏడేళ్ల తర్వాత, 2012లో అదే లెవీని సర్కారు ఒక కమిటీకి పెద్దను చేసింది. వెస్ట్ బ్యాంక్ అసలు ఆక్రమిత ప్రాంతమే కాదని ఆ కమిటీ నివేదిక ఇచ్చింది. సెటిలర్లను లేపాల్సి వస్తే ఆక్రమణ, కూర్చోబెట్టాల్సి వస్తే కాదు.

2017లో ఇజ్రాయెల్ పార్లమెంటు పాలస్తీనీయుల పట్టా భూముల్లో కట్టిన ఇళ్లను కూడా క్రమబద్ధం చేసే చట్టం తెచ్చింది. క్రమబద్ధీకరణ అనగానే మీలో కొందరు నవ్వుతున్నారు, నాకు కనిపిస్తోంది. ఆ చట్టాన్ని అటార్నీ జనరలే సమర్థించనన్నాడు. 2020 జూన్‌లో సుప్రీంకోర్టు 8, 1 తేడాతో కొట్టేసింది. మళ్లీ అదే గీత. రుజైబ్ రైతుల దగ్గర ఉన్నట్టు కాగితం ఉన్నవాడికి కోర్టు తలుపు కొంతైనా తెరుచుకుంటుంది. కాగితం లేనివాడికి ప్రశ్నే మారిపోతుంది. పోనీ రేపు ఒక పాలస్తీనా రైతు తన గుట్టను సెటిలర్‌కు ఇష్టపడి అమ్మాడే అనుకుందాం. హేగ్ ప్రశ్నకు జవాబు దొరికింది, ఎవరి భూమీ లాక్కోలేదు. ఆరో పేరా ప్రశ్న అలాగే ఉంది. రిసీవర్ బావమరిది అద్దె కట్టినా రిసీవర్ బావమరిదే.

టైమ్ అయిందని చూపిస్తున్నారు. ఒక్క ప్రశ్న తీసుకుంటాను. ఆ చివర అమ్మాయి. గట్టిగా చెప్పమ్మా. "చివరికి ఆ పదిహేడు మంది రైతులకు భూమి దక్కిందా సార్?"

దక్కిందమ్మా. గడువు కాస్త పొడిగించి, 1980 మొదట్లో గుడారాలు ఎత్తేశారు. గుట్ట దిగినవాళ్లు ఇళ్లకు వెళ్లలేదు. నాబ్లస్‌కు ఈశాన్యాన కబీర్ కొండ ఉంది, దేర్ అల్ హతబ్ ఊరికి పైన. సర్కారు దాన్ని ప్రభుత్వ భూమి అంది. ఎలోన్ మోరే అనే పేరు కూడా వాళ్లతో పాటే అక్కడికి వెళ్లింది. ఇప్పటికీ అక్కడే ఉంది.